బంగారు బులియన్ నాణేలు: కొనే ముందు నుంచి అమ్మే రోజు దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

బంగారు నాణేల గురించి అడిగే మనుషులు మారుతుంటారు గానీ, సందేహాలు మాత్రం దాదాపు అవే. అందుకే వాటన్నిటినీ ఒకచోట చేర్చాను. మీరు ఏ దశలో ఉంటే నేరుగా అక్కడికి వెళ్లండి, ఏ జవాబుకా జవాబు విడిగా చదువుకోవచ్చు. పన్నులూ చట్టాలూ దేశానికో రకంగా ఉంటాయి కాబట్టి మీరుండే చోట నియమాలేంటో కొనే ముందే కనుక్కోండి.

## కొనాలా వద్దా అనుకుంటున్నప్పుడు

బులియన్ నాణెం అంటే ఏంటి? మామూలు బంగారు నాణేనికీ దీనికీ తేడా ఏంటి?

బులియన్ నాణెం ధర అందులో ఉన్న బంగారం బరువును బట్టే నడుస్తుంది. పాత నాణేల ధర అరుదుదనాన్ని బట్టి, స్థితిని బట్టి మారుతుంది. బులియన్ నాణేన్ని ఒక దేశపు టంకశాల ముద్రిస్తుంది, బరువుకూ స్వచ్ఛతకూ పూచీ పడుతుంది. ఈ పద్ధతిని ప్రపంచానికి అలవాటు చేసింది దక్షిణాఫ్రికా 1967లో తెచ్చిన క్రుగెరాండ్. అందులో సరిగ్గా ఒక ట్రాయ్ ఔన్సు మేలిమి బంగారం ఉంటుంది, కాబట్టి ఆ రోజు ఔన్సు ధర తెలిస్తే నాణెం విలువ తెలిసినట్టే. ప్రైవేటు కంపెనీలు కూడా గుండ్రటి బంగారు బిళ్లలు అమ్ముతాయి. వాటిలో బంగారం అసలైనదే కావచ్చు, కానీ వాటి వెనక ఏ ప్రభుత్వమూ ఉండదు. అమ్మేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

నాణెం మీద 50 డాలర్లు అని ఉంది. మరి అన్ని వేలు పోసి ఎందుకు కొనాలి?

ఆ అంకె పేరుకే. ఒక ఔన్సు అమెరికన్ ఈగిల్ మీదా, కెనడా మేపుల్ లీఫ్ మీదా 50 డాలర్లని, బ్రిటానియా మీద 100 పౌండ్లని, ఆస్ట్రియా ఫిల్‌హార్మోనిక్ మీద 100 యూరోలని ఉంటుంది. లోపలి బంగారం విలువ దానికి ఎన్నో రెట్లు. క్రుగెరాండ్ మీదైతే అసలు అంకే ఉండదు, అయినా అది చట్టబద్ధమైన నాణెమే.

ఆ చట్టబద్ధత వల్ల లాభం మాత్రం ఉంది. యూరోపియన్ యూనియన్‌లో ఒక నాణేన్ని పెట్టుబడి బంగారంగా గుర్తించి వ్యాట్ మినహాయించాలంటే కొన్ని షరతులున్నాయి. అది 1800 తర్వాత ముద్రించినదై ఉండాలి, స్వచ్ఛత వెయ్యికి 900 పాళ్లకు తగ్గకూడదు, పుట్టిన దేశంలో అది చెల్లుబాటు నాణెం అయి ఉండాలి లేదా ఒకప్పుడు అయి ఉండాలి, ధర బంగారం విలువ కంటే 80 శాతానికి మించి ఎక్కువ ఉండకూడదు. బ్రిటన్‌లో అక్కడి చెల్లుబాటు నాణేలైన సావరిన్, బ్రిటానియాల లాభం మీద అక్కడి నివాసులకు క్యాపిటల్ గెయిన్స్ పన్ను పడదు.

నాణేలు మంచివా, బిస్కెట్లు మంచివా?

ఒకేసారి పెద్ద మొత్తం పెట్టి, మళ్లీ ఒకేసారి అమ్మే ఉద్దేశం ఉంటే బిస్కెట్‌లో అదనపు ఖర్చు తక్కువ. కానీ కిలో బిస్కెట్‌లో ముక్క కోసి అమ్ముకోలేం. పైగా కొనేవాడు దాన్ని పరీక్షకు పంపుతానని అనొచ్చు. పేరున్న నాణేన్ని చూడగానే డీలర్ గుర్తుపడతాడు. నా మటుకు నేను సామాన్య మదుపరికి నాణేన్నే సూచిస్తాను.

బంగారం ధర ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుంది కదా, ఇంక టెన్షన్ ఎందుకు?

చరిత్ర అలా చెప్పడం లేదు. 1980 జనవరిలో ఔన్సు 850 డాలర్ల దాకా ఎగబాకింది. 1999 నాటికి దాదాపు 250 డాలర్లకు పడింది. 1980 నాటి ఆ శిఖరాన్ని మళ్లీ దాటింది 2008 జనవరిలో. అంటే శిఖరం మీద కొన్నవాళ్లు కేవలం అసలు కళ్లజూడటానికే 28 ఏళ్లు ఆగారు. ఆ మధ్యలో పెరిగిన ఖర్చులు లెక్కేస్తే నష్టం ఇంకా ఎక్కువ. 2011లో 1,900 డాలర్లు తాకి, 2015 చివరికి 1,050 దగ్గరికి దిగింది. 2020 ఆగస్టులో మొదటిసారి 2,000 దాటింది.

బంగారం వడ్డీ ఇవ్వదు, డివిడెండ్ ఇవ్వదు, అద్దె తేదు. మిగతా పెట్టుబడులు కుదేలైనప్పుడు ఒక ఆసరాగా ఉంటుందని కొనుక్కోవచ్చు. రెండు మూడేళ్లలో ఫీజులకో ఇంటికో కావాల్సిన డబ్బును మాత్రం దయచేసి ఇందులో పెట్టకండి.

ప్రభుత్వం బంగారం లాక్కుంటుందని ఒక డీలర్ చెప్పాడు. అందుకే పాత నాణేలు కొనమంటున్నాడు. నిజమేనా?

1933 ఏప్రిల్‌లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఇచ్చిన 6102వ ఉత్తర్వు నిజం. ప్రజలు తమ బంగారాన్ని ఔన్సుకు 20.67 డాలర్ల చొప్పున అప్పగించాల్సి వచ్చింది. మరుసటి ఏడాదే ప్రభుత్వం ధరను 35 డాలర్లకు పెంచింది. అక్కడి పౌరులకు బంగారం స్వేచ్ఛగా దాచుకునే హక్కు తిరిగి వచ్చింది 1974 డిసెంబర్ 31న.

ఆ ఉత్తర్వులో అరుదైన నాణేలకు మినహాయింపు ఉన్న మాట కూడా నిజమే. దాన్ని పట్టుకుని మామూలు పాత నాణేలను రెట్టింపు ధరకు అంటగట్టేవాళ్లున్నారు. ఎప్పుడో రాబోయే చట్టంలో ఏ మినహాయింపు ఉంటుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. భయపెట్టి అమ్మే మనిషి దగ్గర కొనకండి.

## కొనేటప్పుడు

స్పాట్ ధర, ప్రీమియం అంటున్నారు. నేను చూడాల్సింది ఏది?

రెండూ చూడాలి. వాటితో పాటు మూడోది, అదే డీలర్ తిరిగి కొనే ధర. ఎక్కువమంది దాన్నే అడగరు.

ప్రపంచ మార్కెట్‌లో ఆ క్షణాన శుద్ధ బంగారానికి నడుస్తున్న ధర స్పాట్. లండన్‌లో పని దినాల్లో రోజుకు రెండుసార్లు, ఉదయం 10:30కి, మధ్యాహ్నం 3 గంటలకు ఒక ప్రామాణిక ధర కూడా ఖరారవుతుంది. నాణెం ముద్రించడానికీ, రవాణాకూ, డీలర్ లాభానికీ కలిపి స్పాట్ మీద వేసేదే ప్రీమియం.

లెక్క చూడండి. స్పాట్ 100 అనుకుందాం. నాణెం మీకు 105కి ఇచ్చారు. అదే నిమిషంలో వెనక్కిస్తే 98 ఇస్తామన్నారు. మీ అసలు తేడా 5 కాదు, 7. ఆ 105 తిరిగి రావాలంటే డీలర్ ఇచ్చే ధర 98 నుంచి 7 శాతం పైగా పెరగాలి. ఇప్పుడు 103కి అమ్మి 92కే తిరిగి కొనే ఇంకో షాపు పక్కన పెట్టి చూడండి. చవగ్గా కనిపించిన చోటే ఎక్కువ పోతోంది. నాణెం ఎంచుకునే ముందు నలుగురు డీలర్లను ఈ రెండు ధరలూ అడిగి, కాగితం మీద పక్కపక్కన రాసుకోండి. బంగారు నాణేల్లో మన చేతిలో ఉండేది ఈ తేడా ఒక్కటే, మార్కెట్ ధర మన చేతిలో లేదు.

ఔన్సు అంటే 28 గ్రాములు కదా, 31 అంటున్నారేంటి?

బంగారానికి వాడేది ట్రాయ్ ఔన్సు. అది 31.1035 గ్రాములు. సరుకులు తూచే మామూలు ఔన్సు 28.35 గ్రాములు. వెబ్‌సైట్‌లో గానీ వేయింగ్ మెషీన్‌లో గానీ ఏ ఔన్సు ఉందో చూసుకోండి, ఇందులో పొరబడితే దాదాపు పదో వంతు తేడా వస్తుంది.

22 క్యారెట్ నాణెం కొంటే బంగారం తక్కువ వస్తుందా?

ఒక ఔన్సు క్రుగెరాండ్, అమెరికన్ ఈగిల్ 22 క్యారెట్లవే. కానీ వాటి మొత్తం బరువు 33.93 గ్రాములు. కలిపిన రాగి, వెండి పోగా లోపల మేలిమి సరిగ్గా ఒక ఔన్సు మిగులుతుంది. మేపుల్ లీఫ్ 1982 నుంచి 99.99 శాతం స్వచ్ఛత, బరువు 31.1 గ్రాములే. రెంటిలోనూ బంగారం సమానం. 22 క్యారెట్ నాణెం గట్టిగా ఉంటుంది, తొందరగా గీతలు పడదు. శుద్ధ బంగారం మెత్తన, వేళ్ల మధ్య రుద్దినా ఆనవాలు పడుతుంది.

సావరిన్ విషయంలో మాత్రం జాగ్రత్త. దాని బరువు 7.98 గ్రాములు, అందులో మేలిమి 7.32 గ్రాములు. ధర కట్టాల్సింది 7.32కే.

మొదటి నాణెం ఏది కొంటే మంచిది?

మీరు అమ్మబోయే చోట డీలర్లు రోజూ కొని అమ్మే నాణెం. అదొక్కటే నా ప్రమాణం. ప్రపంచంలో ఎక్కడైనా గుర్తుపట్టే పేర్లు పెద్దగా లేవు. క్రుగెరాండ్ ఎరుపు ఛాయతో ఉంటుంది, అది రాగి వల్ల. మేపుల్ లీఫ్ 1979లో వచ్చింది. క్రుగెరాండ్ దిగుమతిని అమెరికా 1985లో నిషేధించింది, మరుసటి ఏడాదే సొంత ఈగిల్‌ను తెచ్చింది. బ్రిటానియా 1987లో, ఫిల్‌హార్మోనిక్ 1989లో మొదలయ్యాయి. 2012 దాకా వచ్చిన బ్రిటానియాలు 22 క్యారెట్, 2013 నుంచి 99.99 శాతం. చైనా పాండా 1982 నుంచి ఉంది. 2016 నుంచి దాన్ని ఔన్సుల్లో కాక గ్రాముల్లో ముద్రిస్తున్నారు, కాబట్టి ఒకప్పటి ఒక ఔన్సు పాండా స్థానంలో ఇప్పుడు వచ్చేది 30 గ్రాములే. ధర పోల్చేటప్పుడు ఇది చాలామంది మర్చిపోతారు.

డబ్బు సరిపోతే ఒక ఔన్సుది తీసుకోండి, ప్రీమియం శాతం తక్కువ పడుతుంది. సరిపోకపోతే సావరిన్ లేదా పావు ఔన్సు మంచి మొదలు. సంవత్సరం ఏదైనా పర్వాలేదు. కొత్త ఏడాది ముద్ర కోసం అదనంగా ఇవ్వొద్దు.

చిన్న చిన్న నాణేలు కొంటే అవసరానికి కొంచెం కొంచెం అమ్ముకోవచ్చు కదా?

వెసులుబాటు నిజమే. కానీ పదో వంతు ఔన్సు నాణెం ముద్రించడానికి పట్టే శ్రమ పెద్ద నాణేనికి పట్టే దాంట్లో పదో వంతు కాదు. అందుకే చిన్న సైజుల ప్రీమియం శాతం బాగా ఎక్కువ. ఎక్కువ భాగం ఒక ఔన్సువి, కొద్దిగా పావు ఔన్సువి పెట్టుకుంటే మధ్యేమార్గం. ఒక గ్రాము నాణేలు కానుకగా ఇవ్వడానికి బాగుంటాయి గానీ, పెట్టుబడికి నేను సూచించను.

ప్రూఫ్ నాణెం అద్దంలా మెరుస్తోంది. పెట్టుబడికి కొనొచ్చా?

పెట్టుబడికి వద్దు. ప్రూఫ్ అంటే పాలిష్ చేసిన అచ్చులతో, ఒకటికి మించి దెబ్బలు కొట్టి, సేకర్తల కోసం ప్రత్యేకంగా చేసిన నాణెం. లోపల బంగారం అంతే, ధర మాత్రం చాలా ఎక్కువ. తిరిగి అమ్మేటప్పుడు చాలామంది డీలర్లు బంగారం ధరే ఇస్తారు. దాని అందం మీకు ఇష్టమైతే, ఆ అదనపు డబ్బు ఇష్టానికి పెట్టిన ఖర్చు అనుకుని కొనండి.

స్పాట్ కంటే తక్కువకే ఇస్తామని ఒక ప్రకటన చూశాను. తీసుకోనా?

వద్దు. అసలైన నాణెం ఉన్నవాడికి ఏ డీలర్ అయినా స్పాట్‌కు దగ్గరగా చెల్లిస్తాడు. అలాంటప్పుడు ముక్కూ మొహం తెలియని మీకు అంతకంటే తక్కువకు ఇవ్వాల్సిన అవసరం అతనికేంటి?

## నాణెం చేతికి వచ్చాక

అసలుదో నకిలీదో ఇంట్లోనే తెలుసుకునే దారి ఉందా?

చాలావరకు ఉంది. 0.01 గ్రాము చూపించే చిన్న త్రాసు, వ్యాసం, మందం కొలిచే ఒక కాలిపర్, ఒక గ్లాసు నీళ్లు చాలు.

ముందు బరువు, తర్వాత వ్యాసం, మందం. క్రుగెరాండ్ అయితే 33.93 గ్రాములు, దాదాపు 32.7 మిల్లీమీటర్ల వ్యాసం, 2.8 మిల్లీమీటర్ల మందం. ఫిల్‌హార్మోనిక్ 37 మిల్లీమీటర్ల వ్యాసంతో వెడల్పుగా, 2 మిల్లీమీటర్ల మందంతో పల్చగా ఉంటుంది. బంగారం చాలా సాంద్రమైన లోహం కాబట్టి సీసంతోనో ఇత్తడితోనో చేసిన నకిలీకి ఈ మూడు కొలతలూ ఒకేసారి కుదరవు. బరువు సరిపోతే మందం పెరుగుతుంది, మందం సరిపోతే బరువు తగ్గుతుంది.

తర్వాత నీళ్ల పరీక్ష. గ్లాసులో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, అడుగుకూ అంచులకూ తగలకుండా పూర్తిగా మునిగేలా పట్టుకోండి. దారానికి అంటిన గాలిబుడగలు పోనివ్వండి. త్రాసు మీద గ్రాముల్లో కనిపించే అంకే ఘన సెంటీమీటర్లలో నాణెం ఘనపరిమాణం. మేపుల్ లీఫ్‌కు అది 1.61 దగ్గర, ఈగిల్‌కు 1.91 దగ్గర, క్రుగెరాండ్‌కు 1.93 దగ్గర రావాలి. నాణెం బరువును ఆ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. శుద్ధ బంగారానికి 19.3, ఈ 22 క్యారెట్ నాణేలకు 17.6 నుంచి 17.8.

ఇక్కడ ఒక్క చిక్కుంది, టంగ్‌స్టన్. దాని సాంద్రత 19.25, దాదాపు బంగారమంత. పైన బంగారు పూత వేస్తే నీళ్ల పరీక్షను కూడా దాటిపోగలదు. దాన్ని పట్టించేది శబ్దం. నాణేన్ని వేలి కొన మీద నిలబెట్టి ఇంకో నాణెంతో మెల్లగా తట్టండి. అసలైన నాణెం సన్నగా, చాలాసేపు మోగుతుంది. టంగ్‌స్టన్ నింపింది పొడిగా మోగి ఆగిపోతుంది. అయస్కాంతం ఇనుము కలిసినవాటినే పట్టిస్తుంది గానీ, దానికి అంటుకోనంత మాత్రాన నాణెం అసలుదని కాదు.

గీటురాయి మీద గీయించకండి, ఆమ్లం పోయించకండి. అవి చెప్పేది పైపొర సంగతే, నాణెం మాత్రం పాడవుతుంది. ఎక్స్‌రే యంత్రం కూడా ఎక్కువగా పైపొరనే చూస్తుంది. ఇంకా అనుమానం ఉంటే విద్యుత్ వాహకత గానీ అల్ట్రాసౌండ్ గానీ కొలిచే యంత్రం ఉన్న డీలర్ దగ్గరికి తీసుకెళ్లండి.

నాణెం మీద ఎర్రటి మచ్చలు వచ్చాయి. మోసపోయానా?

మోసమని కంగారు పడకండి. 22 క్యారెట్ నాణెంలో రాగి సరిగ్గా కలవని చోట అలా మచ్చ తేలుతుంది. 99.99 శాతం నాణేల మీద కూడా, ముద్రించేటప్పుడు అంటిన ఇతర లోహపు సూక్ష్మ కణాల వల్ల కొన్నేళ్లకు మచ్చలు రావచ్చు. బంగారం విలువ తగ్గదు. సేకర్తలు మాత్రం ధర తగ్గించి అడుగుతారు.

మురికిగా ఉంది, కడగొచ్చా? మెరుగు పెట్టించొచ్చా?

మెరుగు ఎప్పుడూ పెట్టించకండి. పాత నాణేన్ని తోమితే పైన జుట్టు మందం గీతలు పడతాయి, సేకర్త భూతద్దంలో చూసిన క్షణంలోనే ధర బంగారం స్థాయికి పడిపోతుంది. బులియన్ నాణేనికి జిడ్డు అంటితే శుద్ధమైన అసిటోన్‌లో కాసేపు ఉంచి, రుద్దకుండా ఆరనివ్వండి. గాలి ఆడే చోట, మంటకు దూరంగా ఆ పని చేయండి.

దేంట్లో పెట్టి దాచాలి?

నాణెం వ్యాసానికి సరిపోయే అక్రిలిక్ క్యాప్సూల్‌లో. మెత్తటి పీవీసీ కవర్లు వద్దు. ఏళ్లు గడిచేకొద్దీ అవి విడుదల చేసే రసాయనాలు రాగి కలిసిన నాణేల మీద పచ్చటి జిగురులా చేరతాయి. పట్టుకునేటప్పుడు అంచుల్ని మాత్రమే పట్టుకోండి, కింద మెత్తటి బట్ట పరుచుకోండి.

ఇంట్లో పెట్టుకోవాలా, లాకర్‌లోనా?

ఇంట్లో ఉంటే ఎప్పుడైనా చేతికందుతుంది, దొంగల భయం ఉంటుంది. ఇంటి బీమాలో బంగారానికి చాలాచోట్ల చిన్న పరిమితే ఉంటుంది, పాలసీ చదివి చూడండి. బ్యాంకు లాకర్ అంటే అందులోని వస్తువుకు బీమా ఉన్నట్టు కాదు, విడిగా తీసుకోవాలి. ప్రైవేటు వాల్ట్‌లో పెడితే ఒప్పందంలో ఒక్క మాట వెతకండి, ఈ నాణేలు ప్రత్యేకంగా మీ పేరు మీద ఉంటాయా లేక అందరి బంగారంలో మీకో వాటానా అన్నది. మొదటిదైతే కంపెనీ మునిగినా నాణేలు మీవే. రెండోదైతే మీరూ అప్పులవాళ్ల వరుసలో నిలబడాలి.

ఎవరికైనా చెప్పాలా?

నమ్మకమైన ఒక్కరికి చెప్పండి. ఏ నాణెం, ఏ ఏడాదిది, ఎంతకు కొన్నారు, బిల్లు ఎక్కడుంది, ఎవరికి అమ్మాలి అని ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఆ కాగితం లేక, మంచి పాత నాణేలను కేవలం తూకానికి అమ్మేసే కుటుంబాలుంటాయి. అది నిజంగా బాధ పెట్టే విషయం.

## సేకరణ మీద మనసు పడ్డాక

పెట్టుబడీ సేకరణా రెండూ ఒకేసారి కుదరవా?

కుదురుతాయి, రెండు డబ్బాలు వేరుగా పెట్టుకుంటే. మొదటి దాంట్లోకి వచ్చే నాణేనికి ప్రీమియం తక్కువ ఉండాలి, ఏదైనా పర్వాలేదు. రెండో దాంట్లోకి వచ్చేదాన్ని మీరు ప్రేమించాలి, ధర పడినా బాధపడకూడదు. రెంటినీ కలిపేసి, ఇష్టపడి ఎక్కువ పెట్టి కొన్నదాన్ని పెట్టుబడి అని చెప్పుకుంటేనే చిక్కు.

సావరిన్లు సేకరించాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

బ్రిటన్ రాజు జార్జ్ 5 కాలంవి తీసుకోండి. బంగారం ధరకు దగ్గరగా దొరుకుతాయి, ఎంతో చరిత్ర ఉంటుంది. గుర్రం మీద సెయింట్ జార్జ్ డ్రాగన్‌ను పొడుస్తున్న బొమ్మ ఉన్న వైపు తిప్పండి. ఆ బొమ్మ 1817లో బెనెడెట్టో పిస్ట్రుచీ చెక్కింది. గుర్రం కాళ్ల కింద నేల గీత ఉంటుంది. సంవత్సరానికి సరిగ్గా పైన, ఆ గీత మధ్యలో భూతద్దంతో వెతకండి. చిన్న అక్షరం కనిపిస్తే అది టంకశాల గుర్తు. ఎస్ అంటే సిడ్నీ, ఎం మెల్‌బోర్న్, పి పెర్త్, సి ఒట్టావా, ఎస్ఏ ప్రిటోరియా. అక్షరం లేకపోతే లండన్. ఐ ఉంటే అది బొంబాయి, 1918 ఒక్క ఏడాదే అక్కడ ముద్రించారు. ఒకే రూపం, ఒకే బరువు, ఆ ఒక్క అక్షరం వల్ల ఇన్ని ఖండాలు. ఈ సేకరణలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే.

ఎంఎస్ 70 గ్రేడ్ అంటూ ఎక్కువ ధర చెబుతున్నారు. ఇవ్వొచ్చా?

గ్రేడింగ్ కంపెనీలు నాణెం స్థితిని 1 నుంచి 70 దాకా అంకెలతో చెబుతాయి. 60, ఆపైన ఉంటే చలామణీలో తిరగనిది (ఎంఎస్, అంటే మింట్ స్టేట్, అనేది దీన్నే), 70 అంటే పెద్దది చేసి చూసినా లోపం కనిపించనిది. విలువైన పాత నాణేనికి ఇది అవసరమే, అసలుదనే హామీ కూడా దొరుకుతుంది. నిన్న టంకశాల నుంచి వచ్చిన మామూలు బులియన్ నాణేనికి 70 రావడం గొప్ప అరుదేమీ కాదు. దానికి అదనంగా చెల్లించకండి.

ఒక్క నాణెం కోట్లకు అమ్ముడైందని చదివాను. నావీ అలా అవుతాయా?

మీరు చదివింది అమెరికా పాత 20 డాలర్ల బంగారు నాణెం, 1933 డబుల్ ఈగిల్ గురించి అయ్యుంటుంది. 2021 జూన్‌లో అది దాదాపు 1.89 కోట్ల డాలర్లకు వేలంలో పోయింది. 1933లో అలాంటివి 4,45,500 నాణేలు ముద్రించి, ప్రజలకు విడుదల చేయకుండానే కరిగించేశారు. చాలా కొద్ది నాణేలే బయటపడ్డాయి. లోపల బంగారం ఒక ఔన్సు కంటే కొంచెం తక్కువే. అడిగినన్ని ముద్రించే బులియన్ నాణేనికి అలాంటి అరుదుదనం రాదు.

## అమ్మేటప్పుడు

ఎక్కడ అమ్మితే ఎక్కువ వస్తుంది?

రోజూ బులియన్ నాణేలు కొని అమ్మే డీలర్ దగ్గర. తాకట్టు షాపులూ, పాత బంగారం కొనేవాళ్లూ నాణేన్ని కూడా తుక్కు బంగారంలా లెక్కేస్తారు. వ్యక్తులకు అమ్మితే ఇంకొంచెం ఎక్కువ రావచ్చు గానీ భద్రత మీదే బాధ్యత. అరుదైనదైతే వేలం మంచిదే, అయితే కమిషన్ ఎంతో ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

పెట్టె, సర్టిఫికెట్ పోయాయి. ధర తగ్గుతుందా?

మామూలు బులియన్ నాణేనికి తగ్గదు. ప్రూఫ్ అయితే తగ్గుతుంది. సీల్ చేసిన కార్డులో వచ్చినదాన్ని చింపకపోవడమే మేలు, తెరిస్తే కొందరు మళ్లీ పరీక్ష అడుగుతారు.

చిన్న గీత పడింది. నష్టమా?

బులియన్‌గా అమ్మితే దాదాపు ఏమీ ఉండదు. రంధ్రం చేసినదైనా, గొలుసుకు తగిలించడానికి కొక్కెం అతికించినదైనా మాత్రం తూకానికే పోతుంది.

అమ్మే రోజు ఏం చూసుకోవాలి?

బయల్దేరే ముందు స్పాట్ ధర చూసి, మీ నాణేల్లోని మేలిమి బరువుతో గుణించి కాగితం మీద రాసుకోండి. కనీసం ఇద్దరికి ఫోన్ చేసి, నాణెం పేరూ సైజూ సంవత్సరమూ చెప్పి, కొనే ధర అడగండి. ధర నిమిషనిమిషానికీ మారుతుంది కాబట్టి చెప్పిన ధర ఎంతసేపు ఉంటుందో కూడా అడగండి. షాపులో తూకం మీ కళ్లెదుటే జరగాలి, నాణేలు లోపలి గదికి వెళ్లకూడదు. ఒకేసారి అన్నీ బయటికి తీయొద్దు, ఒక్కటి తీసి లెక్క కుదిరాక మిగతావి తీయండి. డబ్బు మీ ఖాతాలో పడినట్టు బ్యాంకు నుంచి కబురు వచ్చాకే నాణేలు కౌంటర్ మీద వదలండి.